జరగని పరీక్షకు నెగెటివ్ రిపోర్టు

పోలమ్మ బతకలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి కన్నీళ్ళు పెట్టించే ఓపిక నాకు లేదు. ఆమెను చంపింది క్యాన్సరే, కాదనను. కానీ ఆ క్యాన్సర్‌కు నెలల తరబడి దారి వదిలిపెట్టింది మాత్రం మనుషులు. బాగా చదువుకున్న మనుషులు.

నేను పాథాలజిస్టుని. మీ ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, అది మంచిదో చెడ్డదో చెప్పే డాక్టర్ని. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పని చేసి బయటికొచ్చేశాను. ఈ మధ్య పాథాలజీలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి, ‘మేడమ్, మాలిక్యులర్ టెస్టుల వైపు వెళ్తే మంచి భవిష్యత్తు ఉంటుందా?’ అని అడుగుతున్నారు. ఉంటుంది, వెళ్ళండి. అయితే వెళ్ళే ముందు ఇది చదవండి. నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చిందో, ఏ సభలో ఏ శాలువా కప్పారో ఇందులో ఉండదు. అవి చెప్పుకుని మురిసే వయసు దాటిపోయింది.

ముక్క ఎవరి చేతిలో వస్తుంది

పెద్ద నగరాల్లో పాథాలజిస్టుకు పేషెంటు ముఖం తెలియదు. మా దగ్గర అలా కాదు. థియేటర్‌లో సర్జన్ ముక్క కోస్తాడు, దాన్ని సీసాలో వేస్తారు, తలుపు సందులోంచి ఆ సీసా బయట కూర్చున్న చుట్టాల చేతిలో పెడతారు. ‘ల్యాబ్‌లో ఇచ్చి రండి’ అంటారు, అంతే. పాతపట్నం నుంచి బస్సులో, కొత్తవలస నుంచి రైల్లో, అన్న ముక్కో అమ్మ ముక్కో క్యారీబ్యాగులో పెట్టుకుని మా ల్యాబ్ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసే ఒకతను తమ్ముడి ముక్కను టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టి తెచ్చాడు. ఒలికిపోతుందని భయపడ్డాడట పాపం. సీసా అందించి, నా ముఖంలోకి చూసి అందరూ ఒకటే అడిగేవాళ్ళు. ‘ఏటమ్మా, మంచిదేనా?’ ఇంకా మూత కూడా తియ్యలేదు నాయనా, అనేదాన్ని.

ఆ సీసాల్లో సగానికి సగం ఫార్మలిన్ ఉండేది కాదు. ఫార్మలిన్ అంటే ముక్క కుళ్ళిపోకుండా ఉంచే మందునీళ్ళు. అది అయిపోయిందని సెలైన్‌లో వేసి పంపేవాళ్ళు. ఎండలో సెలైన్‌లో నానిన ముక్క మైక్రోస్కోప్ కింద గుజ్జులా కనిపిస్తుంది. ఫోన్ చేసి అరిచేదాన్ని. ‘ఏదో ఒకటి రాసి పంపించెయ్యండి మేడమ్’ అనేవాళ్ళు. ఆ ఒక్క మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఏదో ఒకటి రాయడానికి అది పెళ్ళి శుభలేఖా?

నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ ఒకాయన ఉండేవారు. మహా కోపిష్టి. మసకగా ఉన్న స్లైడ్ మీద నేను ‘క్యాన్సర్ లేదు’ అని రాస్తే, ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి, ‘నీకు కనపడలేదు అని రాయి. లేదు అని చెప్పడానికి నువ్వెవరు?’ అన్నారు. అందరి ముందూ అన్నారు. ఆ రోజు ఏడ్చాను. ఆ తర్వాత మాత్రం ఆ రెండు మాటలూ ఎప్పుడూ కలిపెయ్యలేదు. నా ఉద్యోగమంతా ఆ తిట్టు మీదే నడిచింది.

పోలమ్మ

పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఉండేది పోలమ్మ. భర్త ఎర్రన్న వేటకు వెళ్ళేవాడు. ఈమె తట్ట ఎత్తుకుని, ఆటోలో టౌనుకొచ్చి వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. గొంతు విప్పితే రెండు వీధుల అవతలికి వినిపించేది. మూత్రంలో నెత్తురు పడుతోందని ఊళ్ళో వైద్యుడికి చెబితే వేడి చేసిందన్నాడు. బార్లీ నీళ్ళు తాగించాడు. తర్వాత ఇంకొకాయన ఇన్ఫెక్షన్ అన్నాడు, మాత్రలిచ్చాడు. మూడో ఆయన గర్భసంచి అనుమానం అన్నాడు. మగవాడికి మూత్రంలో నెత్తురు పడితే మూత్రాశయం చూస్తారు. ఆడదానికి పడితే ముందు వేడి, తర్వాత ఇన్ఫెక్షన్, తర్వాత గర్భసంచి, అన్నీ అయ్యాక మూత్రాశయం. ఇన్నేళ్ళు చూశాను, ఈ వరుస మారలేదు. సిగ్గుపడాలి మనం.

చివరికి మా ఆసుపత్రికొచ్చింది. గొట్టం పెట్టి మూత్రాశయంలోని గడ్డ గీకి తీశారు. సీసా ఎర్రన్న తెచ్చి నా చేతికిచ్చాడు. చూశాను. క్యాన్సరే, అందులోనూ దూకుడు రకం. ఒక చిక్కు ఉంది. పంపిన ముక్కల్లో కండ లేదు. మూత్రాశయం గోడలో లోపలి పొర కింద కండ ఉంటుంది. క్యాన్సర్ ఆ కండలోకి దిగిందా లేదా అన్నదే ప్రాణం సంగతి. కండ లేని ముక్క చూసి నేనేం చెప్పను? ‘మళ్ళీ తియ్యండి’ అని రాశాను. మా చైర్మన్‌కు నచ్చలేదు. ఆయనే మా ఆసుపత్రి యజమాని, ఆయనే మూత్ర వ్యాధుల సర్జన్. గొణుక్కుంటూనే మళ్ళీ తీశాడు. ఈసారి కండ వచ్చింది, అది శుభ్రంగా ఉంది. అంటే పోలమ్మకు బతికే అవకాశం ఉంది. మంచి అవకాశమే ఉంది. ఇది మీరు మరిచిపోవద్దు.

ఆమె కేసు షీటులో ‘పొగ అలవాటు: లేదు’ అని రాసి ఉంది. రాసింది ఎక్కడినుంచో వచ్చిన కుర్ర డాక్టరు. నేను బయటికొచ్చి చూస్తే పోలమ్మ గోడవారన గొంతుక్కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మా వైపు ఆడవాళ్ళకు పాత అలవాటు. నోరు మూసి ఉంటుంది, తెలియనివాళ్ళకు ఏమీ కనిపించదు.

‘పొగ తాగవని చెప్పావట?’ అన్నాను.

‘ఆ బాబు సిగరెట్టు కాలుస్తావా, బీడీ కాలుస్తావా అనడిగినాడమ్మా. ఓలమ్మో, అయ్యి మొగోళ్ళు కాల్సీవి. నాకెందుకూ?’

‘మరి నోట్లో ఉన్నదేంటి?’

‘ఇదా? సుట్ట కదా.’ నన్ను చూసి జాలిపడినట్టు నవ్వింది.

పొగాకు విషం నెత్తురులోంచి వడగట్టుకుని చేరేది మూత్రాశయంలోకే. నిప్పు ఏ వైపున్నా దానికి ఒకటే. మానెయ్యమని తిట్టాను. మానేసింది కూడా. ఎవరినైనా ప్రశ్న అడిగే ముందు అక్కడి మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోండి అని కుర్ర డాక్టరుకు చెప్పాను. గంగిరెద్దులా తల ఊపాడు.

ఈ జబ్బు గుణం ఏమిటంటే తీసినా తిరగబెడుతుంది. అందుకే మూడు నెలలకోసారి కెమెరా ఉన్న గొట్టం మూత్రమార్గంలోంచి పంపి చూడాలి. చిన్నది కనిపిస్తే అక్కడే తీసెయ్యొచ్చు. ఆలస్యమైతే కండలోకి దిగుతుంది. నొప్పి, సిగ్గు, ఆ రోజు బేరం పోవడం. ఇవన్నీ ఓర్చుకుని పోలమ్మ మొదటిసారి వచ్చింది. కెమెరా గదిలో నర్సు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ‘ఏటా కంపు? తానం సేసి రాలేవా?’ అంది. పోలమ్మ తెల్లారకముందే కుంకుడుకాయతో తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అంత గొంతున్న మనిషి ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తర్వాత ఎర్రన్న చెబితే తెలిసింది. వెళ్ళి నర్సును దులిపేశాను. ఆ చేపలు కూరొండుకుని తినేటప్పుడు ముక్కు మూసుకుంటున్నావా అని అడిగాను. ముఖం మాడ్చుకుంది. అంతకు మించి ఏమీ మారలేదు.

టై కట్టుకున్న కుర్రాడు

అప్పుడే ఊడిపడింది కొత్త పరీక్ష.

పిల్లలూ, సైన్సుకు నేను శత్రువును కాదు. మాలిక్యులర్ మార్కర్లు మంచి సంగతే. క్యాన్సర్ కణంలో కొన్ని జన్యువులు దారి తప్పుతాయి. వాటి గుర్తులు గడ్డ ముక్కలో దొరుకుతాయి, కొన్ని మూత్రంలో రాలిపడే కణాల్లోనూ దొరుకుతాయి. వాటిని లెక్కగట్టి, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువో తక్కువో అంచనా వెయ్యొచ్చు. పి-53 లాంటి మార్కర్లకు నేనే నా చేత్తో రంగులు వేసి చూశాను. కానీ అది అంచనా. ఇలాంటి గడ్డలున్న వందమందిలో ఏం జరుగుతుందో చెబుతుంది, పోలమ్మకు ఏం జరుగుతుందో చెప్పదు. దూకుడు రకం గడ్డ ఉన్న మనిషికి కెమెరాతో పాటు ఈ పరీక్ష చేస్తే మేలు. కెమెరా మానేసి చేస్తే కళ్ళు మూసుకుని రోడ్డు దాటడమే.

కంపెనీ తరఫున టై కట్టుకున్న కుర్రాడొకడు లాప్‌టాప్‌తో దిగాడు. సీసాలో మూత్రం పోసి కొరియర్‌లో పంపితే చాలు, జన్యువులు చూసి జవాబు చెప్పేస్తామన్నాడు. మా చైర్మన్ మొహం వెలిగిపోయింది. నేను రెండు ప్రశ్నలు అడిగాను. ఇది ఎవరి మీద పరీక్షించారు? శాంపిల్ పాడైతే ఏమని రాస్తారు? మొదటిదానికి నీళ్ళు నమిలాడు. రెండోదానికి, ‘అదంతా మా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది మేడమ్’ అన్నాడు.

‘మీరు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తారు’ అన్నాడు చైర్మన్. వారం తిరక్కుండా ఆసుపత్రి ముందు ఫ్లెక్సీ కట్టారు. ‘కెమెరా లేదు, నొప్పి లేదు’ అని ఇంత పెద్ద అక్షరాలు. ఆ రిపోర్టులు మాత్రం నా ల్యాబ్‌కు రాకుండా ఏర్పాటు చేశారు. కంపెనీ నుంచి నేరుగా చైర్మన్ వాట్సాప్‌కు, అక్కడి నుంచి కౌంటర్‌కు. అడ్డుపుల్ల లేదు కదా, సాఫీగా సాగింది.

పోలమ్మ ఆనందం చూడాలి. ల్యాబ్ గుమ్మంలోంచే కేక పెట్టింది. ‘డాట్రమ్మా! ఇంక గొట్టం నేదట! సీసాలో పోసి ఇచ్చీడమేనట!’

‘కెమెరా కూడా చేయించుకో పోలమ్మా, నా మాట విను’ అన్నాను.

‘ఊరుకో అమ్మా. పెద్ద డాట్రు గారే వద్దన్నారు.’

ఆయన కన్నా నేను గొప్పదాన్నని ఆమె ఎందుకు నమ్మాలి? చైర్మన్‌కు మళ్ళీ చెప్పాను. చెవికెక్కించుకోలేదు. మూడు నెలలకోసారి సీసా వెళ్ళింది. ప్రతిసారీ నెగెటివ్ అని వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆకులో చుట్టి నాకు కోనాం చేప ముక్కలు తెచ్చేది. వద్దన్నా వినేది కాదు.

నెత్తురు

ఒకరోజు చేపలు తేకుండా వచ్చింది. కింది రెప్ప లాగి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది.

‘ఏమైంది?’

‘మళ్ళీ నెత్తురు పడతన్నాదమ్మా. కౌంటర్ కాడ సెప్పినాను. కాయితం సూసి, నీకేటీ నేదు, వేడి సేసుంటాది అన్నారు. మాత్రలిచ్చారు. కళ్ళకి కనిపిస్తన్నాది గానీ, కాయితం మీద నేదంటే నేదేమో అనుకున్నాను.’

ఆమె అలా అనుకోవడంలో వింత లేదు. ఆ కాగితం చూసి డాక్టర్లే అలా అనుకున్నారు. చెయ్యి పట్టుకుని కెమెరా గదికి తీసుకెళ్ళాను. చైర్మన్ అనుమతి అడగకుండా డ్యూటీలో ఉన్న జూనియర్ సర్జన్ చేత చూపించాను. లోపల గడ్డ కోడిగుడ్డంత పెరిగి కనిపించింది. మర్నాడు ముక్క నా మైక్రోస్కోప్ కిందికొచ్చింది. ఈసారి కండ పుష్కలంగా ఉంది, కండ నిండా క్యాన్సర్ ఉంది. ఎన్నిసార్లు ఫోకస్ తిప్పినా అదే.

ఒక్కసారి తప్పు రావచ్చు. వరసగా అన్నిసార్లూ ఎలా వస్తుంది? పోలమ్మను కూర్చోబెట్టి, సీసా ఎలా ఇచ్చేదో మొదటి నుంచీ చెప్పమన్నాను.

‘సీసా ఇంటికి అట్టుకెళ్ళీదాన్ని. అడుగున ఏటో మందునీళ్ళు, గప్పున వాసన. పారబోసీసి, కుంకుడు పులుసు యేసి, ఏణ్ణీళ్ళతో శుభ్రంగా కడిగీసి, ఎండలో ఆరబెట్టీదాన్ని. తెల్లారి పోసి తెచ్చీదాన్ని.’

‘ఎందుకు కడిగావమ్మా?’

తల దించుకుంది. ‘ఆ నర్సమ్మ ముక్కు మూసుకుంటాది కదా. నా సేతి కంపు సీసాకి అంటుకుంటే అక్కడోళ్ళు ఏటనుకుంటారో అని.’

ఆ మందునీళ్ళు కణాలు చెడిపోకుండా కాపాడేవి. మూత మీద ఇంగ్లిషులో రాసి ఉంది, పారబొయ్యొద్దని. పోలమ్మకు తెలుగే చదవడం రాదు. సీసా చేతికిచ్చిన మనిషి ఒక్క ముక్క నోటితో చెప్పలేదు. ఆటోలో ఎండలో వచ్చి, కొరియర్‌లో ఊళ్ళు తిరిగి, ఎక్కడో ల్యాబ్‌కు చేరేసరికి అందులో చూడ్డానికి ఏమీ మిగిలి ఉండదు.

ఇక్కడిదాకా అయితే అజ్ఞానం అని సరిపెట్టుకుందును. అసలు పాపం తర్వాతిది. ఇలాంటి ప్రతి పరీక్షలోనూ ఒక కాపలా ఉంటుంది. క్యాన్సర్ ఉన్నా లేకపోయినా మనిషి కణం అన్నాక అందులో ఉండి తీరాల్సిన ఒక జన్యువును కూడా వెతుకుతారు. దాన్ని కంట్రోల్ అంటారు. అదే కనిపించలేదంటే శాంపిల్ పాడైందని, పరీక్ష జరగనే లేదని అర్థం. కంపెనీ ల్యాబ్‌కు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. పోలమ్మ పేరు చెప్పి, కంట్రోల్ సంగతి చూడమన్నాను.

చాలాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత చిన్న గొంతుతో, ‘మేడమ్, ఏ శాంపిల్‌లోనూ కంట్రోల్ రాలేదు’ అంది.

‘మరి నెగెటివ్ అని ఎలా ఇచ్చారమ్మా?’

‘మళ్ళీ శాంపిల్ అడగొద్దని మీ ఆసుపత్రి వాళ్ళే మా సార్‌కు చెప్పారు మేడమ్. అడిగితే పేషెంట్లు విసుక్కుంటారట. అందుకని మీకు వచ్చే రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ రెండే ఉంచారు. సిగ్నల్ రాకపోతే నెగెటివ్‌లో పడిపోతుంది.’

ఫోన్ విసురుగా పెట్టేశాను. పరీక్ష జరగలేదని వాళ్ళకు తెలుసు. తెలిసి జబ్బు లేదని రాశారు. ఒకసారి కాదు, ప్రతిసారీ. కుళ్ళిన ముక్కకు కూడా నేను ‘పనికిరాదు, మళ్ళీ పంపండి’ అని రాశానే, లక్షల మెషిన్లు పెట్టుకున్న వీళ్ళకు ఆ రెండు మాటలు బరువయ్యాయా? పిల్లలూ, రేపు మీ ముందు ఏ మెషిన్ ఉన్నా సరే, శాంపిల్ పాడైందని రాయొద్దని మీకు ఎవడైనా చెబితే వాడు మీకు జీతమిచ్చేవాడైనా వినొద్దు. వినాల్సి వస్తే ఆ ఉద్యోగం వాడి మొహాన కొట్టి బయటికి రండి. నేను ఆ నెలాఖరుకు అదే చేశాను.

విశాఖలో పోలమ్మ మూత్రాశయం తీసేసి పొట్టకు సంచి తగిలించారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకిపోయింది. వానాకాలం వెళ్ళకముందే పోయింది. ఎర్రన్న ఇప్పటికీ వేటకు వెళ్తున్నాడు. తెచ్చిన చేపలు అమ్మే మనిషి లేక ఒడ్డునే అడిగిన ధరకు ఇచ్చేస్తున్నాడు.

చైర్మన్ గదిలో

ఆ ఫోన్ పెట్టిన వెంటనే చైర్మన్ గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. సీసా కడిగిన సంగతీ చెప్పాను, కంట్రోల్ సంగతీ చెప్పాను. ‘ఏ పరీక్షా నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ కాదు కదా మేడమ్. జబ్బు గుణమే తిరగబెట్టడం అని ఆమెకు నెమ్మదిగా చెప్పండి’ అన్నాడు. మళ్ళీ ఫైలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు.

నేను బయటికొచ్చి బల్ల మీద పోలమ్మ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. జబ్బు ఎంత లోపలికి దిగిందో చెప్పాను. పరీక్ష ఒక్కసారి కూడా జరగలేదని, అది కంపెనీవాళ్ళకు తెలుసని, మళ్ళీ శాంపిల్ అడగొద్దన్నది మా ఆసుపత్రేనని కూడా చెప్పాను.

‘అయితే నాను కడిగీడం వల్లేనా?’ అంది.

‘కాదు. నువ్వు కడిగితే శాంపిల్ పాడైంది. పాడైందని వాళ్ళకు తెలిసింది. తెలిసీ నీకు చెప్పలేదు.’

తోడొచ్చిన ఎర్రన్న పిలుస్తున్నా వినకుండా లేచింది. లైన్లో ఉన్నవాళ్ళను దాటుకుని చైర్మన్ గది తలుపు తోసింది. నేను వెనకే వెళ్ళాను. లోపల ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉన్నారు.

‘బాబూ, నా పరీక్షలు ఒక్కటీ అవ్వనేదట. నిజమేనా?’

ఆయన నా వైపు గుర్రుగా చూశాడు. ‘చూడమ్మా, నువ్వు సీసా కడిగేశావట కదా. కడిగితే ఎలా అవుతుంది? తప్పు నీ దగ్గర పెట్టుకుని ఇక్కడికొచ్చి అడిగితే ఎలా?’

నేను చెప్పిన మాటే తీసి ఆమె మీదకు విసిరాడు. నేను నోరు తెరవబోయాను. పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. అరవలేదు. వీధుల్లో చేపలమ్మిన గొంతు ఆ రోజు బయటికి రాలేదు.

‘కడిగినాను బాబూ. తెలవక కడిగినాను. పాడైపోనాదని నాకు తెలీదు, మీకు తెలుసు కదా. పోలమ్మా, అది పాడైపోనాదే, మళ్ళీ అట్రా అని ఒక్క కబురు సెప్తే మళ్ళీ తెచ్చీదాన్ని కాదా? ఉచ్చే కదా బాబూ. నాకు రోజూ వస్తాది కదా.’

ఆయన బల్ల మీద బెల్ కొట్టి, తర్వాతి పేషెంటును లోపలికి పంపమన్నాడు.